గాలి తీసినవాడు

1994 వేసవిలో ఒక రోజు పేరయ్యని ముదినేపల్లి దగ్గర ఒక వేన్ బంపరుకి తాడేసి కట్టారు. పొద్దున తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం రెండు దాకా అలాగే ఉంచారు. ఆ వేన్ అంతకు గంట ముందే వెనక టైరు పేలి కాలవలోకి ఒరిగింది. దాన్ని నడుపుతున్న జానకిరామ్ పేరయ్యకి సొంత అక్క మొగుడు. పది గజాల దూరంలో తాటాకు చాప కింద ఉన్నాడు. ఊపిరి లేదు.

వేన్ యజమాని వెంకటసుబ్బారావు వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పాడు.

"వీడు గాలి నింపలేదండీ. నింపకుండా ఎక్కి కూర్చున్నాడు."

అది రొయ్య పిల్లల్ని మోసే వేన్. సముద్రం పక్క హేచరీల్లో పుట్టిన పిల్లల్ని నీళ్ళు, ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి కైకలూరు వైపు చెరువులకి తీసుకెళ్తారు. వెంట్రుకంత పిల్లలు. కాలవ గట్టు గోతుల్లో బండి ఎగిరెగిరి పడితే సగం దారిలోనే చచ్చిపోతాయి. అందుకని గట్టు ఎక్కేముందు క్లీనర్ దిగి నాలుగు టైర్లలోనూ గాలి తగ్గిస్తాడు. మెత్తబడ్డ టైరు గోతిలో అణిగి లేస్తుంది, దెబ్బ పైకి రాదు. తారురోడ్డు రాగానే మళ్ళీ దిగి కాలి పంపుతో గాలి నింపుతాడు. దీనికో కట్టుబాటు ఉంది. గాలి తీసినవాడు మళ్ళీ నింపేదాకా బండి దిగిపోకూడదు. వాన వచ్చినా, ఇంట్లో చావు కబురు వచ్చినా దిగకూడదు. గాలి తగ్గిందని డ్రైవర్‌కి ఎవరూ చెప్పరు, ఎంత తగ్గిందో డ్రైవర్ అడగడు. అదంతా క్లీనర్ తలకాయలో ఉంటుంది.

ఆ వేన్‌కి క్లీనర్ పేరయ్య. ఆ రోజు అతను గాలి నింపాడు. నాలుగింటికీ నింపాడు. పేలిన టైరు గాలి తక్కువై పేలలేదు. అరిగిపోయిన టైరుకి పైన కొత్త రబ్బరు అతికించి తోలుతుంటే, ఆ రబ్బరు పట్టీ ఎండకి ఊడి వచ్చి టైరు పేలింది. ఆ టైరు మార్చమని అతను వెంకటసుబ్బారావుకి రెండుసార్లు చెప్పాడు కూడా. ఊడిన పట్టీ రోడ్డు మీద యాభై గజాల వెనక పడి ఉంది. అక్కడ చేరినవాళ్ళలో ఒక్కడూ వెనక్కి నడిచి చూడలేదు. చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారట. యాభై గజాలు నడవలేదు.

పేరయ్య వాళ్ళది బందరు పక్క సముద్రం ఒడ్డు ఊరు. అక్కడి నుంచి గంగారత్నం, అంటే వాళ్ళక్క, మధ్యాహ్నానికి వచ్చింది. మొగుణ్ణి చూసింది. తర్వాత బంపరు దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది.

"నింపావా?"

"నింపానక్కా."

ఆమె వెంకటసుబ్బారావు ముఖం వైపు చూసింది. తమ్ముడి ముఖం వైపు మళ్ళీ చూడలేదు. ఇది నాకు పేరయ్య చెప్పిన సంగతే. చెప్పేటప్పుడు అతను గొంతు పెంచడు, కన్నీళ్ళు పెట్టడు. చేతిలో ఏదుంటే దాన్ని తుడుస్తూ చెబుతాడు.

నాకు పేరయ్య పరిచయమయ్యేనాటికి అతను బెజవాడ ఆటోనగర్‌లో బసవపున్నయ్య టైర్ల షాపులో పని చేస్తున్నాడు. నాది పక్క షెడ్డు. సీట్ల కవర్లు కుట్టేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆపేశాను, అంటే ఆపించారు. ఆదివారాలు ఫుట్‌పాత్ మీద కిలోల లెక్కన అమ్మే విదేశీ కార్ల పత్రికలు కొని, చివరి పేజీలు చిరిగిపోయిన ఒక నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. ఆటోనగర్‌లో ఇంగ్లీషు ముక్క ఎవరికైనా కావాలంటే నా దగ్గరికి వచ్చేవాళ్ళు. చదివిపెట్టినందుకు టీ ఇప్పించేవాళ్ళు. పని ఇచ్చినవాడు లేడు.

పేరయ్య అంత భయస్తుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఆటోనగర్‌లో టైర్లు పేలడం మామూలు. వారానికి ఒకటైనా ఎక్కడో ఢామ్మంటుంది. ఆ చప్పుడుకి అతని చేతిలో పానా జారిపోయేది. రోడ్డు మీదికి వచ్చి చప్పుడు వచ్చిన వైపు చూస్తూ నిలబడేవాడు. ఎవరో ఒకరు "ఏం లేదు బాబూ, లారీ టైరు, ఖాళీది" అని అరిస్తేనే లోపలికి వచ్చేవాడు. ఇది చూసి కుర్రాళ్ళు కాగితం సంచీలు ఊది అతని వెనక పగలగొట్టేవాళ్ళు. నేనూ ఒకసారి పగలగొట్టాను. ఆ రోజు అతను అన్నం తినలేదని తర్వాత తెలిసింది.

అలాంటి మనిషి టైర్ల షాపులోనే ఎందుకు చేరాడని నేను ఒకసారి అడిగాను.

"ఇక్కడైతే కళ్ళ ముందుంటయి గదా" అన్నాడు.

అతను టైరుని అరచేత్తో చూసేవాడు. షాపు ముందు ఏ బండి ఆగినా, పని ఉన్నా లేకపోయినా, దాటి వెళ్తూ వెళ్తూ ఒక్కసారి చెయ్యి ఆనించేవాడు. మీటరు పెట్టకుండానే గాలి ఎన్ని పౌండ్లుందో చెప్పేవాడు. రెండు పౌండ్లు అటూ ఇటూ అయ్యేది, అంతే.

2004 మే నెలలో ఉదయభాస్కర్ గారి కారు వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీల్లో వాటాలున్న మనిషి, నలభై దాటలేదు. విదేశం నుంచి తెప్పించుకున్న స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, రెండే సీట్లు, బొగ్గు రంగు. కూర్చుంటే నేల మీద కూర్చున్నట్టే ఉంటుంది. అది నా షెడ్డు ముందు ఆగింది, టైర్ల షాపు ముందు కాదు. ఎందుకంటే ఆయన సీటు మెత్తగా చేయించుకోవడానికి వచ్చాడు. పక్క సీట్లో వాళ్ళ నాన్నగారు అచ్యుతరామారావు గారు. నలభై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. అప్పటికి ఆర్నెల్ల ముందు నడుముకి ఆపరేషన్ అయింది. కారులోంచి దిగడానికి ఆయనకి ఐదు నిమిషాలు పట్టింది. మొదట ఒక కాలు, తర్వాత కర్ర, తర్వాత కొడుకు చెయ్యి.

"ఇంకో రెండంగుళాలు ఫోమ్ వెయ్యి" అన్నాడు ఉదయభాస్కర్.

"వేస్తే పెద్దాయన తల పైకప్పుకి తగులుద్ది సార్."

"తగిలితే తగిలిందిలే నాయనా" అన్నారు పెద్దాయన. "కాసేపు తల నొప్పెడితే నడుముకి సెలవు దొరుకుతుంది. మావాడు దీన్ని లక్షలు పోసి కొన్నాడు. నేను రిక్షాలో పడని దెబ్బలు దీంట్లో పడుతున్నాను."

"నాన్నగారూ, ఇది స్పోర్ట్స్ కారండీ. కొంచెం గట్టిగానే ఉంటుంది."

"ఆటలాడే వయసు నాకెక్కడిదిరా?"

పేరయ్య అప్పటికే కారు చుట్టూ తిరుగుతున్నాడు. వంగి, చక్రం ఇనుముకీ రోడ్డుకీ మధ్య రబ్బరు మీద వేళ్ళు అడ్డంగా పెట్టాడు. మూడు వేళ్ళు, నాలుగో వేలికి చోటు లేదు.

"సీటు కాదండీ" అన్నాడు మెల్లగా. "దీనికి మెత్తదనం ఎక్కడుంది? రోడ్డు మీద దెబ్బ ఏదైనా ముందు ఈ టైరు పక్క గోడే తినాలి. గోడ పలచనైతే తినలేదు. ఇనుం తింటది, ఇనుం తింటే నడుం తింటది."

"అంతే కదా!" అన్నారు పెద్దాయన, క్లాసులో సరైన జవాబు విన్నట్టు. "గాలే కదయ్యా స్ప్రింగు. ఆ గాలి ఉండటానికి చోటు ఉండొద్దూ?"

ఆ కారు విదేశం నుంచి వచ్చినప్పుడు చక్రాలు చిన్నవి, టైర్లు మందం. జనవరిలో బసవపున్నయ్యే వాటిని తీసేసి, చూడ్డానికి బాగుంటాయని పెద్ద చక్రాలు, పలచటి టైర్లు అంటగట్టాడు. అప్పుడు కూడా పేరయ్య గొణిగాడు, ఎవరూ వినలేదు. ఇప్పుడు మళ్ళీ అన్నాడు.

"పాత చక్రాలు వేయించుకోండి సార్. అరగంట పని. మా షాపు అటక మీదే ఉండాలి."

బసవపున్నయ్య షాపులోంచి ఉరుకుతున్నట్టు వచ్చాడు. ఆ పాత చక్రాలు అటక మీద లేవు. ఫిబ్రవరిలోనే గుంటూరు పార్టీకి అమ్మేశాడు. దాచమని ఇచ్చిన సొత్తు అది.

"వాడి మాటలకేం గాని సార్" అన్నాడు నవ్వుతూ. "టైర్లు ఫస్ట్ క్లాస్. సెట్టింగ్ చేయిస్తాను. పువ్వులా వెళ్తుంది. రెండు నిమిషాలు కూర్చోండి, కొబ్బరిబొండాం తెప్పిస్తా."

పేరయ్యని జబ్బ పట్టుకుని కారు వెనక్కి తీసుకెళ్ళాడు. నేను పక్క సీటు విప్పుతూ లోపలే ఉన్నాను కాబట్టి వినబడింది.

"మీ రొయ్యల బళ్ళకి చేసేవాడివే, అది చెయ్యి."

"దీనికా? దీనికి వద్దండీ బాబుగారూ..."

"ఏం కాదు. పెద్దాయన్ని భవానీపురంలో ఇంటికి దింపుకుంటాడు, అంతే. ఊళ్ళో నలభై కూడా కొట్టడు. సాయంత్రం తీసుకురమ్మంటాను, అప్పుడు నింపుదువుగాని. ఈలోగా నేను చక్రాల సంగతి చూస్తా. చెయ్యనంటావా, రేపటి నుంచి ఎక్కడ పని చూసుకుంటావో చూసుకో."

పేరయ్య చెయ్యనని అనలేదు. కింద కూర్చుని ఒక్కో టైరు దగ్గర పిన్ను నొక్కి గాలి వదిలాడు. ముప్పై ఆరు ఉండాల్సిన గాలి పద్దెనిమిదికి దించాడు. బుస్సుమనే ఆ చప్పుడు నేను విన్నాను. నేను సీటు విప్పేటప్పుడు తలుపు అంచున అతికించిన కాగితం కూడా చదివాను. ఇద్దరు కూర్చుంటే ఎంత గాలి, సామాను ఉంటే ఎంత, వేగంగా వెళ్తే ఎంత అని అంకెలు వేసి ఉన్నాయి. వేగం పెరిగితే గాలి పెంచమనే ఉంది. తగ్గించమని ఒక్క గడిలోనూ లేదు. చదివి ఊరుకున్నాను. నన్ను అడిగినవాడు లేడు కదా అనుకున్నాను.

కారు బెంజ్ సర్కిల్ దాకా వెళ్ళి తిరిగొచ్చింది. పెద్దాయన ఈసారి దిగకుండా, అద్దం దించి పేరయ్యని పిలిచారు.

"ఏం మంత్రం వేశావయ్యా? పట్టపగలు రైలు బండిలో పడుకున్నట్టుంది." చెయ్యి బయటికి చాపి పేరయ్య చెయ్యి పట్టుకుని ఊపారు. నల్లటి గ్రీజు ఆయన తెల్ల లాల్చీ చేతికి అంటింది. పేరయ్య నవ్వాడు. ఆ నవ్వు అతని ముఖం మీద నేను అంతకుముందు చూడలేదు.

కారు వెళ్ళిపోయింది.

పావుగంట తర్వాత ఇద్దరం టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి నేను అన్నాను.

"పెద్దాయన నడుం రాజమండ్రి దాకా తట్టుకుంటదంటావా?"

"రాజమండ్రి ఏంటి?"

"పెళ్ళంట. సీటు బిగించేటప్పుడు కొడుకు చెప్పాడు. కొత్తగా వేసిన హైవే ఖాళీగా ఉంటది, నూట నలభైలో కొడితే రెండు గంటల్లో చేరతామన్నాడు."

పేరయ్య గ్లాసు బల్ల మీద పెట్టబోయాడు. బల్ల అంచు దాటి గ్లాసు కింద పడింది. అతను దాన్ని చూడలేదు.

"భవానీపురం అన్నాడుగా" అన్నాడు.

చేతులు చంకల్లో దోపుకున్నాడు. నాకు అప్పుడు అర్థమైంది. పద్దెనిమిది పౌండ్ల గాలితో, మూడు వేళ్ళ గోడతో, మే నెల ఎండలో ఆ వేగం. ప్రతి చుట్టుకీ టైరు గోడ ఇనుము కింద పడి మడతపడుతుంది. మడతపడిన కొద్దీ కాలుతుంది. రొయ్యల వేన్ టైరుకి జానెడు గోడ ఉండేది, గంటకి పదిహేను కిలోమీటర్లు నడిచేది. ఇది అది కాదు.

"నేను దిగిపోయానబ్బాయ్" అన్నాడు. "గాలి తీసి దిగిపోయాను."

బసవపున్నయ్య దగ్గరికి పరుగెత్తాం. పేరయ్య చేతులు జోడించాడు. "ఒక్క ఫోన్ కొట్టండి బాబుగారూ. ఎక్కడున్నా ఆపేయమనండి."

"ఏమని చెప్పమంటావురా? మావాడు గాలి తీసేశాడు, మీరు చచ్చిపోతారేమో, ఆగండి అని చెప్పనా? రేపటి నుంచి ఒక్కడు వస్తాడా షాపుకి?" అంటూనే సెల్‌ఫోన్ తీసి నంబరు నొక్కి చెవికి పెట్టుకున్నాడు. కొంచెంసేపు అలాగే ఉండి, "ఎత్తట్లేదు" అన్నాడు.

పేరయ్య నా వైపు తిరిగాడు. "బండి తియ్యి."

ఇక్కడ ఒక నిజం రాయాలి. నేను కదల్లేదు. "పోనీలే అన్నా" అన్నాను. "పలచటి టైర్లు కావాలని మోజుపడింది వాళ్ళు, అమ్మింది వీడు. మధ్యలో నీకేంటి? ఏం జరిగినా కంపెనీ టైరు పేలిందంటారు. నువ్వెళ్ళి చెబితే మళ్ళీ తాడు నీకే కడతారు."

"తెలుసు."

"తెలిసే వెళ్తావా?"

"అప్పుడు నింపానబ్బాయ్. నింపాను కాబట్టి తాడు కట్టినా నిలబడ్డా. ఇప్పుడు నింపలేదు." అతని పెదాలు తెల్లబడిపోయాయి. "బండి తియ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా."

బండి తీశాను.

రామవరప్పాడు దాటేసరికి పదకొండున్నర. ఎండ ముఖం మీద వేడి నీళ్ళు చల్లినట్టుంది. నా వెనక పేరయ్య రెండు చేతులతో నా చొక్కా పట్టుకున్నాడు. రోడ్డు మీద నల్లటి రబ్బరు ముక్క ఎక్కడ కనబడినా ఆ పట్టు బిగుసుకునేది. హైవే మీద లారీ టైర్ల తొక్కలకి కొదవా? నిడమానూరు దగ్గర ఒకటి, కేసరపల్లి దగ్గర రెండు. ప్రతిదాని దగ్గరా "ఆపు" అనేవాడు. నేను ఆపేవాణ్ణి. దిగి, కాలితో తిరగేసి, "లారీది, లారీది" అంటూ వచ్చి ఎక్కేవాడు. మూడోసారి నేను కసురుకున్నాను.

"ఇలా దిగుతా ఉంటే ఎప్పటికి అందుకుంటాం?"

"చూడకపోతే ఎట్టా?"

గన్నవరం దాటాం. అతని ఊపిరి నా మెడ మీద తగులుతోంది. నా కంటే భయం అతనికి ఎక్కువ అనుకున్నాను కానీ, హ్యాండిల్ పట్టుకున్న నా చేతులు కూడా చెమటకి జారుతున్నాయి. తలుపు అంచున చదివిన అంకెలు కళ్ళ ముందే ఉన్నాయి. ముప్పై ఆరు, నలభై రెండు. పద్దెనిమిది లేదు.

తేలప్రోలు దగ్గర బళ్ళన్నీ ఆగి ఉన్నాయి. బస్సు దిగిన జనం ముందుకి నడుస్తున్నారు. ఎదురొచ్చిన ఒకాయనని ఏమైందని అడిగాను.

"కారు కొట్టేసిందంట."

"ఏం కారు?"

"ఏమో, నల్లదో ఏదో. ఎవరో పెద్దాయనంట."

పేరయ్య బండి మీంచి దిగాడో పడ్డాడో నేను చూడలేదు. చూసేసరికి రోడ్డు పక్క మట్టిలో మోకాళ్ళ మీద ఉన్నాడు. వాంతి చేసుకుంటున్నాడు. తర్వాత లేచి, మూతి తుడుచుకోకుండానే, జనం మధ్యలోంచి తోసుకుంటూ వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. మనుషుల వీపుల సందుల్లోంచి రోడ్డు మీద పచ్చగా ఏదో పరుచుకుని కనబడింది. మామిడికాయలు. నూజివీడు వైపు నుంచి వచ్చిన ట్రాక్టరుని ఒక అంబాసిడర్ కారు వెనక నుంచి గుద్దింది. ఒక పంచె కట్టుకున్న పెద్దాయన రోడ్డు మీద కూర్చుని, పగిలిన ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని డ్రైవర్‌ని తిడుతున్నాడు. ఆయన మాకు ఎవరో తెలియదు.

పేరయ్య ఆయన ముందు నిలబడి దణ్ణం పెట్టాడు. "ఏంట్రా నీ గోల?" అని ఆయన మమ్మల్ని కూడా కలిపి తిట్టాడు.

ఆ మామిడికాయల ట్రాక్టరే అచ్యుతరామారావు గారిని కాపాడిందని ఇప్పటికీ నా నమ్మకం. ఆ కారు కూడా అక్కడ అరగంట సేపు ఆగిపోయి, మాకు పది నిమిషాల ముందే సందు దొరికి బయటపడిందట.

హనుమాన్ జంక్షన్‌లో, ఆంజనేయస్వామి గుడి ముందు, ఆ బొగ్గు రంగు కారు నిలబడి ఉంది. ఆ దారిన పోయే బండి ఏదైనా అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టకుండా పోదు. ఫిజిక్సు చెప్పిన పెద్దాయన కూడా కొట్టించకుండా కదలనన్నారట. ఆయన కారులోనే ఉన్నారు. కొడుకు కొబ్బరి చిప్పలతో అప్పుడే వస్తున్నాడు.

పేరయ్య ఎవరినీ పలకరించలేదు. తిన్నగా వెళ్ళి వెనక టైరు మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టిన వెంటనే లాక్కున్నాడు. నేను కూడా ముట్టుకుని చూశాను, పెనంలా ఉంది.

"ఏయ్, ఏంటది? నువ్వు బసవపున్నయ్య దగ్గరివాడివి కదూ?" అన్నాడు ఉదయభాస్కర్.

"కారు కదపకండి సార్."

"ఎందుకు?"

దారి పొడుగునా నేను ఈ ప్రశ్నకి జవాబు తయారు చేసుకుంటూ వచ్చాను. బసవపున్నయ్య చేయించాడు, పాత చక్రాలు అమ్మేశాడు, తప్పంతా అతనిది అని. నోరు తెరిచాను. పేరయ్య చేత్తో ఆపాడు.

"నేను గాలి తీశానండీ. సగం తీశాను. మెత్తగా ఉండటానికి. మళ్ళీ నింపలేదండీ."

ఉదయభాస్కర్‌కి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక కొబ్బరి చిప్పలు కింద పడేసి చెయ్యెత్తాడు. పేరయ్య తల పక్కకి తిప్పుకోలేదు. కళ్ళు మాత్రం మూసుకున్నాడు.

"ఉదయ్!" అన్నారు లోపల్నించి పెద్దాయన. "ముందు నన్ను దింపు. తర్వాత కొట్టుకో."

ఆయన్ని దింపి టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టాం. పక్కనే ఉన్న పంచరు షాపులో ఆ వెనక టైరుని పేరయ్యే విప్పాడు. రిమ్ము మీంచి టైరు అంచు లేపి, లోపల చెయ్యి పెట్టి బయటికి తీశాడు. పిడికెడు నల్లటి పొడి. టైరు లోపలి గోడ తనని తాను అరగదీసుకుని రాల్చిన రబ్బరు పొడి. దాన్ని ఎవరికీ చూపించకుండా నేల మీద పోయబోయాడు. పెద్దాయన రమ్మని చేత్తో పిలిచి, తన అరచేతిలో పోయించుకున్నారు. చాలాసేపు చూశారు.

"ఇంకెంత దూరం వెళ్ళేది?" అని అడిగారు.

"తెలవదండీ. ఏలూరు దాకా పోయేది కాదనుకుంటా."

"అంతేనా?"

"అంతేనండీ."

"బసవపున్నయ్య ఫోన్ చేస్తే మీరు ఎత్తలేదంట సార్" అన్నాను నేను. ఉదయభాస్కర్ ఫోన్ తీసి చూసుకున్నాడు. "నాకు బసవపున్నయ్య ఫోనే చెయ్యలేదే" అన్నాడు. నేను పేరయ్య వైపు చూశాను. అతను నల్లబడ్డ చేతిని చొక్కాకి తుడుచుకుంటున్నాడు.

పెద్దాయన్ని బస్సులో ఎక్కించారు. ఆయన పట్టుపట్టారు. కిటికీ పక్కన కూర్చుని పేరయ్యతో ఏదో అనబోయారు, బస్సు కదిలింది. కారుని లారీ మీద ఎక్కించి వెనక్కి పంపారు. తర్వాత దానికి మళ్ళీ చిన్న చక్రాలు, మందం టైర్లు వేశారని విన్నాను. ఇప్పుడు మెత్తగానే వెళ్తుందట. దానికి అరగంట పట్టి ఉంటుంది.

పేరయ్యని మర్నాడు పొద్దున్నే పనిలోంచి తీసేశారు. బసవపున్నయ్య ఆటోనగర్ అంతా చెప్పుకొచ్చాడు. "గాలి నింపకుండా పంపేశాడండీ. ఇద్దరి ప్రాణాలు పోయేవి." ఈసారి అది అబద్ధం కాదు. చేయించిందెవరన్న సంగతి మాత్రం అందులో లేదు. నేను నలుగురికి చెప్పి చూశాను. సీటు కవర్లు కుట్టేవాడి మాట ఎవరికి కావాలి? ఉదయభాస్కర్ గారికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఇప్పటికీ ఆ షాపు ఉంది, బోర్డు ఇంకా పెద్దది పెట్టారు.

పేరయ్య బందరు రోడ్డు మీద పామర్రు దగ్గర తాటాకు పాక వేసుకుని పంచరు షాపు పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. 2009లో, పని మీద బందరు వెళ్తూ ఆగాను. జుట్టు సగం తెల్లబడింది. రోడ్డు పక్కన ఆగిన ప్రతి బండికీ, అడిగినా అడక్కపోయినా, గాలి చూస్తున్నాడు. ఒక ఆటో డ్రైవర్ వద్దన్నా వినకుండా మూడు టైర్లూ చూసి పంపించాడు. "పిచ్చోడండీ, కానీ మంచోడు" అన్నాడు ఆటో అతను నాతో.

బల్ల మీద కూర్చున్నాం. బసవపున్నయ్యని నాలుగు తిట్లు తిట్టాను. అతను వినిపించుకోలేదు. ఎటో చూస్తూ అడిగాడు.

"అబ్బాయ్, ఆ రోజు ఆ కారు మనకి దొరికింది గదా?"

"దొరికింది కదన్నా. జంక్షన్‌లో. పెద్దాయన్ని నువ్వే కదా బస్సు దాకా నడిపించింది."

"అదే. నాకూ తెలుసు" అన్నాడు. "కానీ పొద్దున లేవంగానే దొరకలేదనే ఉంటది. దొరికిందని గుర్తొచ్చేసరికి టీ తాగే టైమవుద్ది. అందాకా ఎవరితోనూ మాట్లాడలేనబ్బాయ్."